మొహావీ ఎడారిలో టైరు జాడలు లెక్కపెట్టడం: నా అనుభవం

మూసిన దారుల్లో, దారే లేని చోట్ల బైకులూ జీపులూ తిరిగిన జాడల్ని లెక్కపెట్టి, ఆ భూమిని చూసే ప్రభుత్వ ఆఫీసుకి పంపడం నేను చేసే పని. మొదటి విడత నేను తీసిన ఫోటోల్లో ఒక్కటీ పనికిరాలేదు. గాడి కనిపిస్తోంది, నలిగిన పొద కనిపిస్తోంది. కానీ అక్కడ బండి నడపడం తప్పో కాదో ఫోటో చెప్పదు. పోయిన నెల ఆ గాడి ఉందో లేదో కూడా చెప్పదు. ఈ రెండూ తేలకుండా పంపిన కాగితం ఎవరి బల్ల మీదా ముందుకు కదలదు. అందుకే ఇప్పుడు పని ఎడారిలో కాదు, ఇంట్లో మ్యాపు ముందు మొదలుపెడతాను.

నేను తిరిగేది కాలిఫోర్నియాలోని పశ్చిమ మొహావీ: కాలిఫోర్నియా సిటీ నుంచి ర్యాండ్ కొండల మీదుగా రిడ్జ్‌క్రెస్ట్ దాకా. ఇక్కడి ప్రభుత్వ భూమిలో చాలా భాగం బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ కింద ఉంది. అందరూ బీఎల్ఎం అంటారు. బండ్ల విషయంలో ఆ భూమి మూడు రకాలు. స్పాంగ్లర్ హిల్స్, డవ్ స్ప్రింగ్స్ లాంటివి ఓపెన్ ఏరియాలు, అక్కడ దారి లేని చోట కూడా నడపొచ్చు. రెండో రకం లిమిటెడ్, అంటే అనుమతించిన దారుల మీదే. మూడోది పూర్తిగా మూసినది. ఓపెన్ ఏరియాలో వంద గాడులు లెక్కపెట్టినా ఉల్లంఘన ఒక్కటీ ఉండదు. గమనించాల్సింది లిమిటెడ్ భూమిలో మూసిన దారుల్ని, అసలు దారే కాని చోట్లని.

ప్రభుత్వ భూమిలో బండ్ల దారులు నేలకీ, జంతువులకీ నష్టం తక్కువయ్యేలా ఎంచాలని 1972లో అధ్యక్షుడు నిక్సన్ ఇచ్చిన 11644 నంబరు ఉత్తర్వు చెప్పింది. 1977లో అధ్యక్షుడు కార్టర్ దాన్ని ఇంకా బిగించాడు. పశ్చిమ మొహావీ దారుల జాబితా మీద ఏళ్ళ తరబడి కోర్టుల్లో నడిచింది, 2019లో బీఎల్ఎం కొత్త నిర్ణయం వెలువరించింది. దీనివల్ల మనకి తగిలే సంగతి ఒక్కటే: రెండేళ్ళ కిందట దించుకున్న బీఎల్ఎం రూట్ల మ్యాపు ఫైలుని నమ్మకండి. ప్రతి సీజన్ ముందు కొత్తది దించుకోండి. దానిమీద కౌంటీ భూముల హద్దుల లేయర్ కూడా వేయండి. ఇక్కడ ప్రైవేటు ముక్కలు చదరంగం గళ్ళలా ప్రభుత్వ భూమి మధ్య కలిసిపోయి ఉంటాయి, కంచె ఉండదు. జాడలు లెక్కపెట్టడానికి నేను ఎంచిన మొదటి పాయింట్లలో రెండు ఎవరిదో సొంత భూమిలో పడ్డాయి.

ఇంకో ఉచ్చు డేటమ్, అంటే మ్యాపు మీది అంకెలకి ఆధారంగా తీసుకునే కొలతల పునాది. పాత టోపో (ఎత్తుపల్లాల) మ్యాపులు నాడ్27 అనే డేటమ్ మీద గీసినవి, ఫోను జీపీఎస్ డబ్ల్యూజీఎస్84 అనే ఇంకో దానిలో చెబుతుంది. యూటీఎం అంకెల్ని (చోటుని మీటర్లలో చెప్పేవి) ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చకుండా ఎక్కిస్తే ఉత్తర దక్షిణాల్లోనే సుమారు 200 మీటర్లు తేడా వస్తుంది. పక్కపక్కనే రెండు దారులున్న చోట తెరిచిన దారి మీది జాడ మూసిన దారి మీదికి వెళ్ళి కూర్చుంటుంది.

పాయింట్లు పన్నెండుకి మించనివ్వను. నలభై పెట్టుకుని సగంలో మానేయడం కంటే పన్నెండు చోట్లకి ప్రతిసారీ వెళ్ళడం మేలు. తెరిచిన దారిలోంచి మూసిన దారి చీలే మొన దగ్గర ఆగి, అక్కణ్ణుంచి నడిచి 50 మీటర్లు లోపలికి వెళతాను. మొన దగ్గరే లెక్కపెడితే అక్కడ బండి తిప్పుకుని వెనక్కి వెళ్ళినవాళ్ళు కూడా కలిసిపోతారు. 50 మీటర్ల దగ్గర దారికి అడ్డంగా టేపు పరిచి, దాన్ని దాటిన జాడల్ని ఎడమ నుంచి కుడికి లెక్కపెడతాను. రాసేది బండ్ల సంఖ్య కాదు, దాటిన సార్లు. లోపలికి వెళ్ళి అదే దారిన వచ్చిన బైకు రెండు జాడలు వదులుతుంది. జాడ మీద జాడ పడి విడదీయలేకపోతే కనీస సంఖ్య రాసి పక్కన "కనీసం" అని చేరుస్తాను.

ఏ బండో తెలియాలంటే రెండు గాడుల మధ్య దూరం నడిమి నుంచి నడిమికి కొలవాలి. బైకుది ఒంటి గీత. నాలుగు చక్రాల ఏటీవీది 90 నుంచి 100 సెంటీమీటర్లు. పక్కపక్కన కూర్చునే సైడ్ బై సైడ్ బళ్ళలో చాలావాటికి 130 చుట్టుపక్కల నుంచి మొదలవుతుంది. చిక్కల్లా ఇక్కడే. వాటిలో వెడల్పు మోడళ్ళు 155 దాటి జీపుల కొలతలోకి వస్తాయి. అప్పుడు దూరాన్ని బట్టి తేల్చకుండా టైరు ముద్ర చూస్తాను, అదీ అరిగిపోయి ఉంటే "నాలుగు చక్రాలు, తెలియదు" అని రాస్తాను. ఊహించి రాసిన ఒక్క గడి మొత్తం పట్టిక మీద నమ్మకం పోగొడుతుంది.

రోజు ఎంచుకోవడం లెక్కపెట్టడం కంటే ముఖ్యం. ఇక్కడ జనం విరగబడేది థ్యాంక్స్‌గివింగ్‌కి, ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే వారాంతానికి, ఈస్టర్‌కి. సెలవుకి ముందు ఒకసారి, సెలవు ముగిసిన మర్నాడు ఒకసారి వెళతాను. మధ్యలో పెద్ద గాలి వీస్తే ఆ జత పోయినట్టే. వసంతంలో పశ్చిమ మొహావీ గాలి మెత్తటి ఇసుక మీది ముద్రని ఒక్క మధ్యాహ్నంలో తుడిచేస్తుంది. అందుకే గాలి వేగం, చివరి వాన తేదీ రెండూ పట్టికలో ఉండాలి. బీఎల్ఎం ఆఫీసు అనుమతి ఉంటే ముందు రోజు టేపు గీత దగ్గర ఇప్పటికే నలిగిన దారికి అడ్డంగా దంతెతో రెండు మీటర్ల పట్టీ చదును చేయొచ్చు, మర్నాడు పడేవన్నీ కొత్త జాడలే. చెక్కుచెదరని నేల మీద దంతె పెట్టకండి.

ఆ నేల సంగతి కొంచెం చెప్పాలి. పొదల మధ్య నల్లగా, బుడిపెలుగా కనిపించే పెచ్చు ఉత్త మట్టి కాదు. సయనోబాక్టీరియా, నాచు, లైకెన్ కలిసి ఇసుక రేణువుల్ని పట్టి ఉంచే సజీవమైన పొర. టైరు ఒక్కసారి ఎక్కితే పిండి అవుతుంది, తిరిగి కట్టుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. 1942 నుంచి 44 వరకు అమెరికా సైన్యంలో జనరల్ ప్యాటన్ మొదలుపెట్టిన శిక్షణ కేంద్రంలో ట్యాంకులు తిరిగిన గాడులు ఈ ఎడారిలో ఇప్పటికీ కొన్ని చోట్ల కనిపిస్తాయి. మన బూటు కూడా ఆ పెచ్చుని విరుస్తుంది కాబట్టి నడక వాగు ఇసుకలోనో, ఇప్పటికే నలిగిన గాడిలోనో. పర్యవేక్షణ పేరుతో కొత్త కాలిబాట పడిన చోట్లు నేను చూశాను, దాన్నే తర్వాత బైకులు వాడుకున్నాయి.

ఫోటో ఉదయం తొమ్మిదికి ముందో, సాయంత్రం ఎండ వాలాకో తీయాలి. నడినెత్తిన ఎండలో పది సెంటీమీటర్ల గాడి కూడా చదునుగా కనిపిస్తుంది. కెమెరా ఎత్తు ఒకటిన్నర మీటర్లు, దిక్సూచి కోణం రాసుకోవాలి, ఫ్రేములో 50 సెంటీమీటర్ల స్కేలు. ఫోటో తీసే చోటుకి గుర్తుగా అనుమతి లేకుండా ఇనుప ఊచ పాతకూడదు, అందుకని ఒక జాషువా చెట్టు కొమ్మ, వెనక కొండ మీది నొక్కు ఒకే గీతలోకి వచ్చే చోటు వెతుక్కుంటాను. జీపీఎస్ మూడు నుంచి ఐదు మీటర్లు తప్పుతుంది, పోయినసారి ఫోటో చేతిలో పట్టుకుని కళ్ళతో సరిచూసుకోవడమే నిఖార్సైన పద్ధతి.

ఇక జంతువులు. అందరూ అడిగేది ఎడారి తాబేలు గురించే. మదనపల్లె వైపు నక్షత్ర తాబేలుని చూసినవాళ్ళకి దీని నడక కొత్తగా అనిపించదు, ఇదీ నేల తాబేలే. 1990లో అమెరికా కేంద్ర ప్రభుత్వ రక్షిత జాతుల జాబితాలో చేరింది, 2024లో కాలిఫోర్నియా ఫిష్ అండ్ గేమ్ కమిషన్ దీన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా మార్చడానికి ఓటు వేసింది. జీవితంలో ఎక్కువ కాలం బొరియలోనే గడుపుతుంది కాబట్టి "కనిపించలేదు" అంటే "లేదు" అని కాదు. చూడాల్సింది ఆనవాళ్ళు: అర్ధచంద్రంలా అడుగు చదునుగా, పైన వంపుగా ఉండే బొరియ నోరు, పీచు పీచుగా ఉండే పెంట. నక్కపిల్లంత ఉండే కిట్ ఫాక్స్ బొరియ నోరు వెడల్పు కంటే ఎత్తుగా ఉంటుంది, చుట్టూ ఎముకలుంటాయి. చిన్న తాబేళ్ళ డొప్పలు కంచె స్తంభం కిందో, జాషువా చెట్టు కిందో కన్నాలతో దొరికితే అది మాలకాకి పని. క్యాంపుల్లో జనం వదిలే చెత్త వల్ల కూడా మాలకాకుల సంఖ్య పెరిగింది, కాబట్టి చెత్త కుప్పని కూడా నష్టంగానే నమోదు చేస్తాను.

తాబేలుని ముట్టుకోవద్దు. చట్టం ఒప్పుకోదు. అదీ కాక బెదిరితే మూత్రం వదిలేస్తుంది, ఎండాకాలానికి దాచుకున్న నీరు అదే. వెనక్కి బయలుదేరే ముందు బండి కింద వంగి చూడండి, నీడ కోసం అక్కడికి చేరుతుంది. బొరియ అక్షాంశ రేఖాంశాలు ఎక్కడా బయట పెట్టకండి, ఫోటోలోంచి లొకేషన్ తీసేయండి. మొహావీ నేల ఉడుత కోసం జులై తర్వాత తిరగడం వృథా, చాలావరకు ఫిబ్రవరి దాకా నేల కిందే నిద్రపోతుంది.

బండి ఆపి ఎవరితోనూ వాదించవద్దు. తేదీ, సమయం, చోటు, బండి రంగు, దూరం నుంచి కనిపిస్తే బండి రిజిస్ట్రేషన్ స్టిక్కరు నంబరు, అంతే. మనిషికి రోజుకి కనీసం నాలుగు లీటర్ల నీళ్ళు, సిగ్నల్ ఉండదు కాబట్టి శాటిలైట్ మెసెంజరు. దుమ్ము లేచే రోజున మాస్కు వేసుకోవాలి, ఈ మట్టిలో వ్యాలీ ఫీవర్ అనే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే ఫంగస్ ఉంటుంది. పాత గని గుంతల అంచుకి వెళ్ళొద్దు.

పట్టికలో సున్నాకీ, ఖాళీ గడికీ తేడా ఉండాలి. వెళ్ళి చూశాను, జాడ లేదు అంటే సున్నా. వెళ్ళలేదు అంటే ఖాళీ. జాడలున్న రోజులే పంపితే అది ఫిర్యాదు, సున్నాలతో సహా పంపితే అది లెక్క. ఫీల్డ్ ఆఫీసుకి నేను పంపేది ఒక పేజీ, ఒక మ్యాపు, ఒక పట్టిక. పేజీలో మొదటి వరుస గాడుల గురించి ఉండదు, రూట్ బోర్డుల గురించి ఉంటుంది: ఏ మొన దగ్గర ఏ నంబరు గోధుమరంగు పట్టీ నేల కూలింది, ఏది అసలు లేదు. నా పాయింట్లలో జాడలు ఎక్కువ పడిన చోట్లలో చాలావాటికి బోర్డు లేదు. అందరూ కావాలని దూరినవాళ్ళు కారు, కొందరికి మూసిన దారని తెలియనే తెలియదు.

మూసిన దారిని మాయం చేయడానికి ఎండిన పొదల్ని నిలువుగా పాతుతారు, దీన్ని వర్టికల్ మల్చింగ్ అంటారు. మొన దగ్గర నిలబడితే కంటికి ఆనేంత మేర చేస్తే చాలు, ఆ పైన దారి ఉందనే ఎవరికీ తోచదు. అందుకే మొన దగ్గర ఒక ఫోటో బైకు మీద కూర్చున్నవాడి కళ్ళ ఎత్తులో తీస్తాను. పాతాక ఒక సీజన్ గడిచే దాకా ప్రతిసారీ ఎన్ని నిలబడి ఉన్నాయో లెక్కపెట్టాలి. లోతుగా పాతకపోతే గాలికి పడిపోతాయి, క్యాంపుల దగ్గరైతే చలిమంటకి పీక్కుపోతారు. ఆ రెండింటికీ నా పట్టికలో వేర్వేరు గడులున్నాయి.