ఒకే పెట్టెలో కోటూ, జార్జెట్టు చీరా

ఈ ఆదివారం పగలంతా పెట్టెలు సర్దడంతోనే సరిపోయింది. వచ్చే శుక్రవారం న్యూజెర్సీలోని బేయోన్ రేవులో ఓడ ఎక్కి, కరీబియన్ దీవుల్లోని శాన్ హువాన్, సెయింట్ మార్టెన్, ఆంటిగ్వా, సెయింట్ లూసియా చూసుకుని మళ్ళీ అదే రేవులో దిగాలి. విమానంలో శాన్ హువాన్ దాకా వెళ్ళి అక్కడే ఓడ ఎక్కేవారికి పలచని బట్టలు నాలుగు జతలుంటే చాలు. ఇంటి దగ్గర రేవు నుంచి బయలుదేరే మాకు మాత్రం ఒకే ప్రయాణంలో రెండు కాలాలు ఎదురవుతాయి. జనవరిలో ఇక్కడ రాత్రిపూట చలి సున్నాకు దిగువకు పోతుంది. అదే నెలలో శాన్ హువాన్‌లో మధ్యాహ్నం 28 డిగ్రీల ఎండ కాస్తుంది.

మొదట తేల్చుకోవలసి వచ్చింది కోట్ల సంగతి. కెరొలైనా తీరం దాటి, గల్ఫ్ స్ట్రీమ్ అనే వెచ్చని ప్రవాహం మీదుగా ఓడ దక్షిణానికి సాగేసరికి గాలిలో చలి తగ్గిపోతుంది కనుక, మోకాళ్ళ దాకా వచ్చే బరువైన ఉన్ని కోటుకు మొదటి రోజూ చివరి రోజూ తప్ప పని ఉండదు. అలాగని వెచ్చనిదేదీ లేకుండానూ కుదరదు. ఓడ 20 నాట్ల, అంటే గంటకు సుమారు 37 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు, గాలి లేని రోజున కూడా డెక్కు మీద నిలబడినవారికి ఎదురుగాలి కొడుతూనే ఉంటుంది. గదిలో అలమర చిన్నది, నలుగురి ఉన్ని కోట్లు తగిలిస్తే ఇంకేమీ పట్టదు. అందుకని ఉన్ని కోట్లు ఇంట్లోనే ఉంచి, గుప్పెట్లో ఇమిడిపోయే, మెత్తని ఈకలు కూరిన పలచని డౌన్ జాకెట్లు తీసుకుని, వాటి లోపల స్వెట్టరు, దాని లోపల థర్మల్ అనే వెచ్చని లోదుస్తు వేసుకోవాలని నిర్ణయించాను. ఎండ వచ్చాక ఒక్కొక్కటే తీసేయవచ్చు. భోజనశాలలో ఏసీ చలికి ఆ స్వెట్టరే మళ్ళీ పనికివస్తుంది.

అసలు ఆలోచించవలసినవి అమ్మ చీరలు. తెనాలి నుంచి వచ్చిన దగ్గర నుంచీ ఆమె ఇక్కడ చలికి చీర కింద ఉన్ని లెగ్గింగ్సూ, మేజోళ్ళూ, స్పోర్ట్స్ బూట్లూ వేసుకుంటోంది కాని ప్యాంటు మాట ఎత్తనివ్వదు. ఎండ దేశం కదా అని నేను మంగళగిరి నేత చీరలు తీసి మంచం మీద పేర్చాను. అమ్మ వాటి అంచులు ఒక్కసారి తడిమి చూసి, “ఇస్త్రీపెట్టె పట్టుకెళ్ళనివ్వరన్నావు కదే, ఇవెందుకు? గంజి దిగితే పాత గుడ్డల్లా ఉంటాయి. ఆ జార్జెట్లు పెట్టు” అంది. నిప్పు భయం వల్ల ఓడవారు ఇస్త్రీపెట్టెను నిషేధించిన మాట నిజమే. మనంతట మనం ఉతుక్కునే ఏర్పాటు కూడా లేదు, వారికి ఇస్తే ఒక్కొక్క బట్టకూ లెక్కగట్టి వసూలు చేస్తారు. స్నానాలగదిలో రాత్రి పిండి ఆరేస్తే జార్జెట్టు తెల్లారేసరికి ఆరిపోతుంది, ముడత పడదు. నేను చదివిన ప్రయాణ సలహాలన్నిటికంటె అమ్మ చెప్పిన ఆ ఒక్క మాట నాకు ఎక్కువ పనికివచ్చింది.

జార్జెట్టుతో ఉన్న చిక్కు గాలి. శాన్ హువాన్‌లో ఎల్ మోరో కోట ముందున్న పచ్చిక మైదానంలో జనం గాలిపటాలు ఎగరేస్తారు. అటువంటి చోట పైట తెరచాపలా లేవకుండా ఉండాలంటే పిన్నీసులు కావాలి. ఒక డబ్బా నిండా పెట్టాను. ఆ పాత నగరంలో వీధులకు పరచిన నీలిరంగు ఇటుకలు ఇనుప కొలిమి చిట్టెంతో చేసినవి, తడిస్తే జారుతాయి. కనుక అమ్మకు నున్నని తోలు చెప్పులు వద్దని చెప్పి, రబ్బరు అడుగున్నవే ఉంచాను. అందరూ ముస్తాబై భోజనానికి వెళ్ళే రాత్రి కోసం ఆమె కంచిపట్టు చీర అడిగింది. దాని బరువు, అది మడతల్లో నలిగే తీరు తలచుకుని గద్వాల చీరకు ఒప్పించాను. ఒప్పుకుంది కాని, ముఖం కొంచెం ముడుచుకుంది.

మిగతావారి బట్టలకు అంత తర్జనభర్జన పడలేదు. మావారికి ఒక సూటు కోటు, రెండు చొక్కాలు చాలు. టై ఆయన ఇష్టం. మా అబ్బాయి తనకు ఎంతో ఇష్టమైన, సైనికుల దుస్తుల మీద ఉండేలాంటి ఆకుపచ్చ మచ్చలున్న నిక్కరు రెండుసార్లు పెట్టెలో పెట్టాడు, నేను రెండుసార్లూ తీసేశాను. ఆంటిగ్వాలోనూ, సెయింట్ లూసియాలోనూ ఆ రకం బట్టలు మామూలు పౌరులు వేసుకోవడం చట్టవిరుద్ధం. పిల్లలకైనా మినహాయింపు లేదు. వాడికి ఈ చట్టం నేను కల్పించి చెబుతున్నానన్న అనుమానం ఇంకా తీరలేదు. ఈత దుస్తులు మాత్రం ప్రతి ఒక్కరికీ రెండేసి పెట్టాను, తడివి ఆరేలోగా రెండోవి ఉండాలి కదా.

రేవులో కూలీలకు అప్పగించిన పెట్టెలు గది ముందుకు చేరేసరికి సాయంత్రం అవుతుంది కాబట్టి, అమ్మ బీపీ మాత్రలూ, పాస్‌పోర్టులూ, అందరికీ ఒక్కొక్క జత బట్టలూ చేతి సంచిలో వేరుగా పెట్టాను. అమ్మ దానిలో తన మంకీ క్యాపు కూడా దూర్చింది. డెక్కు మీద ఎదురుగాలి సంగతి పొద్దున చెప్పింది నేనే కనుక, దాన్ని తీయలేదు.