మెట్టు మీద మెయిలు

అలిపిరిలో టెంకాయ కొట్టి మెట్లెక్కడం మొదలుపెట్టి గంట కూడా కాలేదు, జర్మనీలోని స్టుట్‌గార్ట్ నుంచి మా మేనేజరు జవాబు వచ్చింది. "నువ్వు సెలవులో ఉన్నావు. నీ పని ఇంకొకరు చూస్తున్నారు. మెయిళ్లు ఆపు." అంతే. ఉన్న మెట్టు మీదే కూలబడ్డాను.

మనది చిత్తూరు రోషం. సెలవులో కూడా పని చేస్తే మెచ్చుకోవాలి గానీ ఈ మాటేంది? "పిల్లోడు ఇంటికొచ్చినా ల్యాప్‌టాప్ మూయడు" అని మా నాయన వీధంతా గొప్పగా చెప్పుకుంటాడు. జర్మనీలో సెలవంటే చట్టం. 1963 నుంచి ఉంది. వారానికి ఐదు రోజులు పనిచేసేవాడికి ఏటా కనీసం 20 రోజులు ఇచ్చి తీరాలి. సెలవులో జ్వరమొచ్చి డాక్టరు చీటీ చూపిస్తే ఆ రోజులు సెలవు లెక్కలోంచి తీసేస్తారు. జ్వరంతో పడుకోవడం విశ్రాంతి కాదట. మొదటిసారి విన్నప్పుడు పగలబడి నవ్వాను.

స్టుట్‌గార్ట్‌లోనూ మెట్లకు కొదవలేదు. ఒకప్పటి ద్రాక్షతోటల వాలుల్లో పుట్టిన మెట్లదారులు 400కు పైనే ఉన్నాయి. సోమవారం వస్తే మా మేనేజరు "నిన్న ఎక్కొచ్చాను" అంటాడు. పైన ఏముంది అని ఒకసారి అడిగాను. "చెట్లు" అన్నాడు. గుడి లేదు, మొక్కు లేదు, చిటికెడు ప్రసాదం లేదు. ఊరికే ఎక్కి ఊరికే దిగడం. కడుపు నిండినోళ్ల వేషం అనుకున్నాను. మన దగ్గర ఊరికే కొండకు పోయేదెవరు? తలకోన నీళ్లు చూడబోయినా సిద్ధేశ్వరస్వామికి దండం పెట్టి రావాల్సిందే. శేషాచలాన్ని 2010లో బయోస్ఫియర్ రిజర్వు, అంటే కాపాడుకోవాల్సిన అడవి, అన్నారు గానీ, మనకది ఎప్పటినుంచో పడుకున్న ఆదిశేషుడు.

'మా అమ్మ ఈ వయసులో 3550 మెట్లకూ పసుపు రాసి బొట్టు పెడతా ఎక్కుతుంది, నీ ఆదివారం నడక ఏపాటి?' అని మనసులోనే ఆయన్ను కడిగేస్తున్నా. తల తిప్పి చూస్తే ఆ అమ్మ పది మెట్లు కింద, ఒక చేత్తో గిన్నె, ఇంకో చేత్తో నడుము పట్టుకుని ఉంది. ఆ మొక్కు నాకు జర్మనీ వీసా రావాలని మొక్కుకున్నదే.

దిగిపోయాను.

"ఏమిరా, ఆఫీసాయన తిట్నాడా?"

"తిట్టలామ్మా. పని చెయ్యొద్దంటా ఉండాడు."

"మంచోడి మాదిరుండాడే. ఈ గిన్నె పట్టుకో."

పట్టుకున్నా. కాసేపటికి పసుపు నేనే రాశాను, బొట్టు అమ్మ పెట్టింది. వంగడం, లేవడం, మళ్లీ వంగడం. ఇది విశ్రాంతి అని ఆ మేనేజరు ఒప్పుకుంటాడో లేదో గానీ, నా నడుము మాత్రం ఒప్పుకోలేదు. మధ్యలో అమ్మ ఒక చెట్టు చూపించి "ఎర్రచందనం రా, మర్చిపోయినావా?" అంది. మర్చిపోవడానికి ముందు తెలిసుండాలి కదా.

గాలిగోపురం దగ్గర కూర్చుని, చెయ్యి ఊరుకోక ఫోను తీశాను. బొటనవేలికి పసుపు పట్టి అది నన్ను గుర్తుపట్టలేదు. పిన్ను కొట్టొచ్చు. కొట్టలేదని అబద్ధం చెప్పను. కొండ మీద గదికి చేరి, అమ్మ నిద్రపోయాక కొట్టాను.