యోగానందుల దారిలో కొన్నర్స్‌రోయిట్‌కు

జర్మనీలోని బవేరియా రాష్ట్రానికి ఈశాన్య మూలన, చెక్ సరిహద్దుకు దగ్గరలో, జనాభా రెండు వేలు కూడా లేని కొన్నర్స్‌రోయిట్ అనే ఊరు ఉంది. పరమహంస యోగానందుల ‘ఒక యోగి ఆత్మకథ’ను తెలుగులో చదివినవారిలో చాలామందికి ఈ ఊరి పేరు గుర్తుండకపోయినా, అందులో 39వ అధ్యాయంలో వచ్చే థెరిసా నోయ్‌మన్ అనే జర్మన్ పల్లెటూరి స్త్రీ మాత్రం గుర్తుంటుంది. అన్నపానాలు లేకుండా బతికిందనీ, ప్రతి శుక్రవారం క్రీస్తు సిలువ బాధలను తన శరీరం మీదే అనుభవించిందనీ యోగానందులు రాసింది ఈమె గురించే. నేను క్రైస్తవుణ్ణి కాను. ఆ అధ్యాయం చదివిన నాటి నుంచీ ఆ ఊరిని చూడాలన్న కోరిక ఉండిపోయింది. నురెంబర్గ్‌లో ఉంటున్న మా తమ్ముడింటికి వెళ్లినప్పుడు అది తీరింది. కావాలనే శుక్రవారం చూసుకుని బయలుదేరాను.

నురెంబర్గ్ నుంచి మార్క్ట్‌రెడ్‌విట్జ్ దాకా రైలు ఉంది. అక్కడి నుంచి బస్సులే దిక్కు. ఆ ప్రాంతపు పల్లె బస్సులు చాలావరకు బడి పిల్లల వేళలను బట్టి నడుస్తాయి కనుక, నేరుగా ఊరికి పోకుండా ముందు వాల్డ్‌సాసెన్‌లో దిగాను. అలా దిగడమే మంచిదైంది, ఎందుకంటే వాల్డ్‌సాసెన్‌ను చూడనివారికి కొన్నర్స్‌రోయిట్ చరిత్ర సగమే అర్థమవుతుంది. 1133లో సిస్టర్సియన్ సన్యాసులు ఇక్కడ మఠం కట్టి, అడవులు నరికి, చుట్టుపక్కల పల్లెలను తమ ఏలుబడిలోకి తెచ్చుకున్నారు. ఈ నేలను ఇప్పటికీ స్టిఫ్ట్‌లాండ్ అంటారు, అంటే మఠానికి చెందిన భూమి అని. మాంసం మానిన రోజుల్లో తినడానికి చేపలు కావాలి కనుక సన్యాసులు చెరువులు తవ్వించి కార్ప్ చేపలను పెంచారు. బస్సు కిటికీలోంచి ఒకదాని వెంట ఒకటిగా కనిపించే చెరువులు ఆ కాలపు వారసత్వమే. 1803లో బవేరియా ప్రభుత్వం మఠాలను రద్దు చేయడంతో ఆ ఏలుబడి ముగిసింది.

వాల్డ్‌సాసెన్ మహాదేవాలయంలో నన్ను తికమకపెట్టినవి గాజు పెట్టెల్లోని అస్థిపంజరాలు. రోము నగరపు భూగర్భ సమాధుల నుంచి తెప్పించిన వేదసాక్షుల, అంటే క్రైస్తవ విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవారి, ఎముకలకు పట్టుబట్టలు కట్టి, కళ్ల గుంటలకూ పక్కటెముకలకూ రంగు రాళ్లు పొదిగి, రాజుల్లా కూర్చోబెట్టారు, నిలబెట్టారు. పక్కనున్న గ్రంథాలయంలో కార్ల్ స్టిల్ప్ చెక్కిన నిలువెత్తు కొయ్య బొమ్మలు పది ఉన్నాయి; అవి భుజాల మీద పై వసారాను మోస్తున్నట్టు ఉంటాయి. శరీరాన్ని ఇంత సూటిగా భక్తిలో భాగం చేసుకున్న ఈ నేలలో, ఒక స్త్రీ శరీరం మీది గాయాలను చూడడానికి వేలమంది రావడంలో వింతేముందని ఆ పెట్టెల ముందు నిలబడినప్పుడే అనిపించింది.

అక్కడి నుంచి కొన్నర్స్‌రోయిట్ పది కిలోమీటర్ల లోపే. వాలుగా పైకీ కిందికీ సాగే పొలాలు, మధ్య మధ్య దేవదారు తోపులు, దారి మలుపుల్లో రాతి సిలువలు. ఊరి మధ్య పునీత లారెన్స్ చర్చి, దాని దగ్గరే నోయ్‌మన్ కుటుంబపు ఇల్లు. ఏ ఆర్భాటమూ లేదు. దండల దుకాణాలు, ఫొటోల బండ్లు వరసగా ఉంటాయని ఊహించుకుని వచ్చిన నాకు, ముందు ఇది ఆ ఊరేనా అన్న అనుమానం వచ్చింది. యోగానందులు 1935 జులై 16న అమెరికా నుంచి వెంట తెచ్చుకున్న ఫోర్డ్ కారులో ఇక్కడికి వచ్చినప్పుడు పల్లె జనం ఆ కారునూ, కోటు కాలరులోకి జుట్టు దోపుకున్న ఆ భారతీయుణ్ణీ ఆసక్తిగా చూశారట. ఇంటి తలుపు మాత్రం మూసి ఉంది. థెరిసా అప్పుడు దక్షిణాన ఐష్టెట్ పట్టణంలో ప్రొఫెసర్ ఫ్రాంట్స్ వూట్జ్ ఇంట్లో ఉన్నారు. యోగానందులు అక్కడికి వెళ్లి ఆమెను కలిసి, శుక్రవారం నాటికి మళ్లీ ఈ ఊరికి వచ్చారు.

థెరిసా 1898 ఏప్రిల్‌లో, గుడ్ ఫ్రైడే రాత్రి, ఒక దర్జీ ఇంట పుట్టారు. పెద్ద కుటుంబంలో తొలి బిడ్డ. చిన్న వయసులోనే రైతుల ఇంట కూలికి కుదిరారు. 1918 మార్చి 10న పొరుగున నిప్పంటుకుంటే నీళ్ల బకెట్లు పైకి అందిస్తూ నడుం దెబ్బతిని మంచం పట్టారు, మరుసటి ఏడాది చూపు పోయింది. ఫ్రాన్సులోని లిసియు మఠకన్య చిన్న తెరేజమ్మ అంటే ఆమెకు ప్రాణం. ఆ తెరేజమ్మను రోములో ధన్యురాలిగా, అంటే పునీత పదవికి ముందు మెట్టుగా, ప్రకటించిన 1923 ఏప్రిల్ 29న థెరిసాకు చూపు తిరిగి వచ్చిందనీ, పునీతురాలిగా ప్రకటించిన 1925 మే 17న లేచి నడిచారనీ ఊరివారు చెబుతారు. 1926లో, ఈస్టరు ముందు వచ్చే తపస్కాలంలో, దేహం మీద పంచగాయాలు, అంటే సిలువ మీద క్రీస్తుకు అయిన గాయాల లాంటివి, కనిపించాయి. ఆ తరువాత దివ్యసత్ప్రసాదం, అంటే చర్చి పూజలో ఇచ్చే అప్పం, తప్ప ఏ ఆహారమూ ముట్టలేదని ఆమె చెప్పారు.

ఈ మాటను అప్పట్లోనే పరీక్షించారు. 1927 జులైలో, రెగెన్స్‌బుర్గ్ పీఠాధిపతి, అంటే అక్కడి బిషప్, కోరిక మీద, వాల్డ్‌సాసెన్ వైద్యుడు ఒట్టో సైడ్ల్ పర్యవేక్షణలో నలుగురు మఠకన్యలు రెండు వారాలు ఆమెను రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉన్నారు. మొదట 55 కిలోలున్న బరువు మధ్యలో తగ్గి, చివరికి మళ్లీ 55కే వచ్చింది. తిన్నట్టు ఎవరూ చూడలేదు. అయితే ఆసుపత్రిలో మళ్లీ పరీక్ష జరగాలని పీఠం అడిగినప్పుడు ఆమె తండ్రి ఒప్పుకోలేదు. శంకలు అక్కడే ఉండిపోయాయి. ఈ విషయంలో నాకు తీర్పు చెప్పాలన్న తహతహ లేదు. రెండు వారాల కాపలా, ముప్పై ఆరేళ్ల జీవితం ఒకటి కావు. మోసమని తేల్చడానికీ ఆ రెండు వారాలే అడ్డం. యోగానందులు ఈ అనుమానాల జోలికి పోలేదు. గుంపుతో పాటు వరసలో నిలబడి గదిలోకి వెళ్లి, ఆమె కళ్ల నుంచి రక్తం ధారగా కారడం చూశాననీ, ఆమె చూస్తున్న సిలువ మార్గ దృశ్యాన్ని తానూ ధ్యానంలో దర్శించాననీ రాశారు. మరుసటి సంవత్సరం బెంగాల్‌లోని బాంకురా జిల్లాకు వెళ్లి, అన్నం మానిన గిరిబాల అనే మరో స్త్రీని కలిసి ఆమె గురించీ రాశారు. మన పాఠకులు ఈ ఇద్దరినీ కలిపి గుర్తుపెట్టుకోవడం అందువల్లనే.

చర్చిలో ఆ పూట పూజ ఏదీ లేదు. చల్లని రాతి నేల, మైనం వాసన, పువ్వులు మార్చిన పూజాపీఠం. ఈ పీఠాలను పువ్వులతో అలంకరించడం థెరిసా స్వయంగా చేసుకున్న పని. ఆ పువ్వుల పని, రోగుల దగ్గరికి పోయి కూర్చోవడం, వచ్చిన ఉత్తరాలకు జవాబులు, ఇవే ఆమె మిగతా రోజులు; శుక్రవారాల మోతలో వీటిని ఎవరూ పెద్దగా చెప్పరు.

శ్మశానంలో ఆమె సమాధి వెతుక్కోనవసరం లేకుండానే కనిపించింది. చుట్టూ ఎర్ర గాజు కుప్పెల్లో, గాలికి ఆరకుండా రేకు మూతల కింద దీపాలు వెలుగుతున్నాయి. మొక్కులు తీరినవారు పెట్టిన పలకలు కొన్ని ఉన్నాయి. పక్క సమాధికి నీళ్లు పోస్తున్న ఒక పెద్దావిడ “గ్రూస్ గాట్” అని పలకరించి, రేస్ల్‌ను చూడడానికి వచ్చారా అని అడిగారు. థెరిసాను ఊళ్లో ముద్దుగా రేస్ల్ అనే పిలుస్తారు. 1962 సెప్టెంబరు 18న పోయిన మనిషిని, ఇంట్లోనే ఉన్నట్టు, చూడడానికి వచ్చారా అనడం నాకు నచ్చింది. వచ్చీరాని జర్మన్‌లో ఇండియా నుంచి వచ్చానన్నాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు, “యోగానంద” అని తలాడించి, తన చేతిలోని నీళ్ల డబ్బాను నాకిచ్చి, మొక్కల మొదళ్లలో పోయమన్నారు, ఆకుల మీద కాదన్నారు. కొళాయి దగ్గర కొక్కేనికి ఆ డబ్బాను తిరిగి తగిలించేదాకా చూసి గానీ వెళ్లలేదు.

ఈ ఊరిని తలచుకున్నప్పుడు నాకు ముందుగా గుర్తుకొచ్చేది మాత్రం పంచగాయాలు కాదు, ఫ్రిట్జ్ గెర్లిష్. మ్యూనిక్‌లో పెద్ద దినపత్రికకు సంపాదకుడు, కాల్వినిస్టు కుటుంబంలో పుట్టినవాడు, మాట కటువు. 1927లో ఈ వ్యవహారం బండారం బయటపెడదామనే ఇక్కడికి వచ్చాడు. వచ్చినవాడు మళ్లీ మళ్లీ వచ్చాడు, థెరిసా గురించి రెండు సంపుటాలు రాశాడు, 1931లో కతోలికుడయ్యాడు. అక్కడితో ఆగితే అది ఒక మతమార్పిడి కథగా మిగిలిపోయేది. ఊరి చర్చి గురువు యోసెఫ్ నాబర్, ఐష్టెట్‌లోని వూట్జ్, కపూచిన్ సన్యాసి ఇంగ్‌బెర్ట్ నాబ్, గెర్లిష్ కలిసిన ఆ చిన్న వర్గం హిట్లర్ అధికారంలోకి రాకముందే అతని మీద కలం ఎత్తింది. గెర్లిష్ నడిపిన ‘సూటి దారి’ అనే వారపత్రిక 1932 జులైలో నాజీల జాతి సిద్ధాంతం కొలబద్దతోనే హిట్లర్ ముక్కు కొలిచి, ఇతనిలో మంగోల్ రక్తం ఉందా అని వెక్కిరించింది. అదే నెలాఖరున, నాజీ పాలన అంటే పొరుగు దేశాలతో శత్రుత్వం, లోపల నియంతృత్వం, ప్రపంచయుద్ధం, అబద్ధం, ద్వేషం అని ముందే రాసింది. ఒక్కటీ తప్పలేదు. 1933 మార్చి 9న నాజీలు పత్రికా కార్యాలయం మీద పడి గెర్లిష్‌ను కొట్టి పట్టుకుపోయారు; పదిహేను నెలలకు పైగా నిర్బంధంలో ఉంచి, 1934 జూన్ 30 రాత్రి దాహావ్ నిర్బంధ శిబిరంలో చంపారు. భార్యకు తిరిగి వచ్చినవి రక్తపు మరకలున్న అతని కళ్లద్దాలు. దర్శనాలు నిజమా కాదా అని వాదించేవారు, ఆ గదిలోంచి బయటికి వెళ్లిన మనిషి ఏం చేశాడో కూడా లెక్కలోకి తీసుకోవాలని నా అభిప్రాయం. యోగానందులు వచ్చే నాటికి గెర్లిష్ చనిపోయి ఏడాది దాటింది.

యుద్ధం ఈ ఊరినీ వదల్లేదు. 1945 ఏప్రిల్‌లో, ఊళ్లో జర్మన్ సైనికులు ఉండగా, అమెరికన్ ఫిరంగుల దెబ్బకు పలు ఇళ్లు కాలిపోయాయి. కొత్త పాలన వచ్చాక అమెరికన్ సైనికులే వేల సంఖ్యలో థెరిసా గది ముందు వరస కట్టారు. ఊరి బయట ఫోకెన్‌ఫెల్ట్‌లో, ఆలస్యంగా గురువులు కావాలనుకునేవారి చదువు కోసం 1951లో మఠాన్ని నెలకొల్పడానికి ఆమె సాయపడ్డారు. ఆమె కోరుకున్న ఆరాధన మఠం మాత్రం ఆమె పోయాకనే ఊళ్లో వెలిసింది.

రెగెన్స్‌బుర్గ్ పీఠం 2005లో ఆమె ధన్యతా ప్రకటన కోసం విచారణ మొదలుపెట్టింది; అది ఇంకా సాగుతోంది. ఆహారం లేకుండా బతకడం గురించి గానీ, గాయాల గురించి గానీ చర్చి ఇంతవరకు తీర్పు ఇవ్వలేదు.

ఇక్కడికి రాదలచిన తెలుగువారు వాల్డ్‌సాసెన్ పక్కనే గుట్ట మీదున్న కాప్ల్ చర్చిని వదలకూడదు. తండ్రి, కుమారుడు, పవిత్రాత్మ అనే త్రిత్వానికి గుర్తుగా అన్నింటినీ మూడేసిగా పేర్చి, 1685 నుంచి 1689 వరకు గేయోర్గ్ డీన్‌ట్సెన్‌హోఫర్ కట్టిన గుండ్రటి కట్టడం అది. సాయంత్రం బస్సు తొందరగా అయిపోతుంది కనుక, వీలుంటే సొంత కారులోనో అద్దె కారులోనో వెళ్లడం మేలు. యోగానందుల దారిని పూర్తిగా నడవాలనుకుంటే ఐష్టెట్‌నూ కలుపుకోవాలి. గెర్లిష్ కతోలికుడైంది ఆ పట్టణంలోనే.