మూలబంధం సాధన: 12 వారాల చిట్టా

మూలబంధం అంటే పొత్తికడుపు అడుగున ఉన్న కండరాలను లోపలికి, పైకి లాగి పట్టే యోగ సాధన. రోజుకు 15 నిమిషాలు, వారానికి 6 రోజులు. ఆ లెక్కన రాసిన చిట్టా ఇది. కావలసినవి చాప, ఒక దుప్పటి, ఒక చేతి తువ్వాలు, సెకన్ల ముల్లున్న గడియారం, ఒక నోటుబుక్కు. ఆసనాలు బాగా వచ్చినవాళ్లకూ అసలు రానివాళ్లకూ మొదటి 3 వారాల పని ఒకటే. నిజానికి వచ్చినవాళ్లకే కాస్త కష్టం. "మూలబంధం పట్టండి" అన్న మాట వినపడగానే పిరుదులు బిగించడం వాళ్లకు అలవాటైపోయి ఉంటుంది.

0వ వారం: చోటు తెలుసుకోవడం

గట్టి కుర్చీ మీద అరచేతులు పిరుదుల కింద పెట్టుకుని కూర్చుంటే రెండు ఎముకలు చేతికి గుచ్చుకుంటాయి. మన బరువంతా మోసేవి అవే, కూర్చునే ఎముకలు. పొత్తికడుపు అడుగున గట్టిగా తగిలేది జఘనాస్థి. వెనక పిరుదుల చీలికలో, గుదానికి కాస్త పైన తోక ఎముక కొన. ఈ 4 గుర్తులనూ కలిపితే గాలిపటం ఆకారం వస్తుంది. కూర్చునే ఎముకల మధ్య అడ్డగీత గీస్తే ముందు త్రికోణంలో మూత్రద్వారం, స్త్రీలకైతే యోనిద్వారం కూడా. వెనక త్రికోణంలో గుదం. గీత నడిమధ్యన పెరీనియల్ బాడీ అనే గట్టి ముడి ఉంటుంది. చుట్టుపక్కల కండరాలు చాలా వచ్చి దానికే అతుక్కుంటాయి. సిద్ధాసనంలో మడమ ఆనేది ఈ చోటునే.

పెల్విక్ ఫ్లోర్, అంటే ఈ గాలిపటాన్ని కింద నుంచి మూసే కండరాల పట్టు, ఒకే కండరం కాదు. చర్మానికి దగ్గరగా పలచని పొర ఒకటి, ద్వారాలను మూసే పని దానిది. దాని పైన, అంటే శరీరం లోపలికి, మందమైన పొర లివేటర్ యానై. అందులో 3 భాగాలు: ప్యూబోరెక్టాలిస్, ప్యూబోకాక్సిజియస్, ఇలియోకాక్సిజియస్. మొదటిదాన్ని ఒడిసెల తాడులా ఊహించుకోవచ్చు. జఘనాస్థి దగ్గర బయలుదేరి, పురీషనాళం వెనకగా చుట్టి, మళ్లీ జఘనాస్థికే వస్తుంది. పురీషనాళాన్ని ముందుకు లాగి వంపులో ఉంచుతుంది కనుకే మలం ఆగుతుంది. గొంతుకు కూర్చున్నప్పుడు ఆ వంపు కొంత తిన్నబడుతుంది. నేల మరుగుదొడ్డిలో ముక్కే పని తగ్గేది అందుకే. కమోడ్ వాడేవాళ్లు పాదాల కింద జానెడు ఎత్తు పీట వేసుకుంటే దాదాపు అదే పని జరుగుతుంది.

ఇలియోకాక్సిజియస్ మాత్రం శ్రోణి (కటి ఎముకల గిన్నె) పక్క గోడ నుంచి బయలుదేరుతుంది. ఆ గోడ మీద పరుచుకున్నది ఆబ్ట్యురేటర్ ఇంటర్నస్, తొడను బయటికి తిప్పే కండరం. ఈ రెండూ ఒకే పొరకు అతుక్కుని ఉంటాయి. తుంటి పట్టేసినవాళ్లకు మూలబంధం ఒక పక్కే తెలియడానికి ఇదొక కారణం కావచ్చు.

1–2 వారాలు: వదలడం

ఈ రెండు వారాలూ బిగింపు ఒక్కటీ లేదు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పాదాలు నేల మీద ఆనించాలి. ఒక చెయ్యి పక్కటెముకల మీద, ఇంకొకటి పొత్తికడుపు మీద. ముక్కుతో 4 సెకన్లు పీల్చి 6 సెకన్లు వదలాలి. పీల్చినప్పుడు డయాఫ్రం (ఊపిరితిత్తుల కింద ఉండే శ్వాస కండరం) కిందికి దిగుతుంది, పొట్టలోని అవయవాలు కిందికి జరుగుతాయి, పెల్విక్ ఫ్లోర్ కూడా కొంచెం దిగి ఆ బరువు పడుతుంది. వదిలినప్పుడు దానంతట అదే పైకి వస్తుంది. ఊయల గుడ్డలో పాపను పడుకోబెడితే గుడ్డ దిగినట్టు, ఎత్తుకుంటే లేచినట్టు. పగలూ రాత్రీ జరిగేదే ఇది. ఈ రెండు వారాల్లో చెయ్యవలసింది దాన్ని గమనించడమే.

రోజుకు 5 నిమిషాలు పడుకుని, 5 నిమిషాలు మోకాళ్లు ఎడం చేసిన బాలాసనంలో (మడమల మీద కూర్చుని ముందుకు వంగి), 3 నిమిషాలు సుప్త బద్ధకోణాసనంలో (వెల్లకిలా పడుకుని అరికాళ్లు కలిపి). చివరిదాంట్లో తొడల కింద దిండ్లు తప్పకుండా పెట్టాలి. తొడలు గాల్లో వేలాడితే లోపలి తొడ కండరాలు పట్టుకునే ఉంటాయి, దాంతో కింది పొర కూడా వదలదు. పీల్చినప్పుడు కూర్చునే ఎముకలు రెండూ కొద్దిగా దూరం జరిగినట్టు తెలిస్తే చాలు.

10వ రోజుకూ ఏమీ తెలియకపోతే దవడ చూసుకోవాలి. పళ్లు కరుచుకుని ఉన్నవాళ్లకు కింద కూడా వదలడం కష్టం. నోరు కాస్త తెరిచి "హా" అంటూ ఊపిరి వదిలితే తేడా తెలుస్తుంది.

ఇక్కడే ఒక ముఖ్యమైన విషయం. కూర్చుంటే కింద నొప్పి, మూత్రం మొదలవడానికే ఆలస్యం, కలయికలో నొప్పి, ఎంత ముక్కినా రాని మలబద్ధకం: వీటిలో ఏవైనా ఉంటే కండరం బలహీనంగా లేదు, అతిగా బిగుసుకుని ఉండి ఉండవచ్చు. అలాంటివాళ్లు 3వ వారానికి వెళ్లకూడదు. పెల్విక్ ఫ్లోర్ తెలిసిన ఫిజియోథెరపిస్టుకు చూపించుకోవాలి. బిగుసుకున్న పిడికిలిని ఇంకా బిగిస్తే బలం రాదు.

3వ వారం: మొదటి బిగింపు, దాని తప్పులు

తువ్వాలును పొడుగ్గా గట్టిగా చుట్టి కుర్చీ మీద నిలువుగా పెట్టాలి. ఒక కొస జఘనాస్థి వైపు, ఇంకో కొస తోక ఎముక వైపు ఉండేలా దాని మీద కూర్చోవాలి. ఊపిరి వదులుతూ, గాలి పోకుండా ఆపుకున్నట్టు వెనక నుంచి మొదలుపెట్టి, మూత్రం ఆపుకున్నట్టు ముందుకు తెచ్చి, రెండిటినీ కలిపి పైకి లాగాలి. మగవాళ్లకు పురుషాంగం మొదలు లోపలికి వెళ్లినట్టు, వృషణాలు కొంచెం లేచినట్టు తెలుస్తుంది. తువ్వాలు మీద బరువు తేలిక పడితే అది బిగింపు. తువ్వాలును కిందికి నొక్కితే అది ముక్కడం. ఈ రెండోది చాలామంది చేస్తారు, చేస్తున్నట్టు వాళ్లకే తెలియదు.

మూత్రం మధ్యలో ధార ఆపి చూడటం కండరాన్ని గుర్తుపట్టడానికి ఒక్కసారి పనికొస్తుంది. దాన్నే రోజూ సాధనగా చేస్తే మూత్రాశయం పూర్తిగా ఖాళీ అయ్యే అలవాటు చెడవచ్చు.

తప్పులు వరసగా రావు, ఒకటి పోగానే ఇంకొకటి దాని చోటు ఆక్రమిస్తుంది. మొదట వచ్చేది పిరుదులు. కుర్చీలో కాస్త పైకి లేచినట్టయితే బిగిసింది పిరుదులే. తర్వాత లోపలి తొడలు. మోకాళ్లు దగ్గరకు వస్తాయి. మోకాళ్ల మధ్య పిడికిలి పట్టేంత ఖాళీ ఉంచుకుంటే ఇది దొరికిపోతుంది. మూడోది ఊపిరి బిగబట్టడం, అందరికీ ఉండేదే. బిగింపు సమయంలో "ఒకటి, రెండు, మూడు" అని పైకి లెక్కపెడితే బిగబట్టడం కుదరదు. నాలుగోది తోక ఎముకను లోపలికి ముడవడం. ఇది కళ్లకు బాగా కనిపిస్తుంది కనుక కొందరు దీన్నే మూలబంధం అనుకుంటారు. నడుము ఒంపు చదునైపోతుంది, కింది కండరం పొట్టిగా నలిగి, లాగడానికి చోటే మిగలదు.

పొట్ట సంగతి వేరు. తుంటి ముందు ఎముకల నుంచి రెండు వేళ్ల లోపలికి నొక్కి చూస్తే బిగింపుతోపాటు అక్కడ మెత్తగా బిగువు రావాలి. అది లోతైన పొట్ట కండరం, జత కలవడం దాని ధర్మం. వేళ్లను బయటికి తోసేస్తే మాత్రం ఎక్కువైంది.

లెక్క: 3 సెకన్ల బిగింపు, 6 సెకన్ల వదులు, 6 సార్లు. రోజుకు 3 విడతలు, కుర్చీలో సరిచూసుకున్నాక అన్నీ పడుకునే.

4–6 వారాలు: సెకన్లు పెంచడం

ఈ కండరంలో ఎక్కువ భాగం నెమ్మదిగా, చాలాసేపు పనిచేసే పోగులు. తుమ్ము, దగ్గు వచ్చినప్పుడు ఠక్కున మూసేవి తక్కువ భాగం. రెండిటికీ వేరువేరు సాధన కావాలి. నెమ్మది బిగింపు 5 సెకన్లతో మొదలుపెట్టి, వారానికి 1 లేదా 2 సెకన్లు పెంచుతూ 6వ వారం చివరికి 8 సెకన్లు × 8 సార్లు. దాని వెంటనే 1 సెకను బిగింపు, 1 సెకను వదులు, 10 సార్లు.

రోజుకు 3 విడతలు, విడతకు కనీసం 8, కనీసం 3 నెలలు: బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ (NICE) సంస్థ మూత్రం జారే స్త్రీలకు సూచించే లెక్క ఇదే. అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ఈ వ్యాయామాల గురించి రాసినప్పుడు, బిగింపు ఎంతో చూపించే పరికరాన్ని కూడా వాడాడు. ఇంట్లో పరికరం లేదు కనుక వదులును గమనించాలి. 8 సెకన్లు అయ్యాక వదిలితే కిందికి దిగినట్టు స్పష్టంగా తెలియాలి. దిగడం తెలియకపోతే బిగింపు ఎప్పుడో మధ్యలోనే జారిపోయింది. ఆ రోజు 8 రాయకూడదు, 5 రాయాలి.

నోటుబుక్కులో వరస ఇలా ఉంటే చాలు:

బుధ, ఉదయం: 6 సె × 8, వదులు 10 సె. 6వ దాని నుంచి తొడలు కలిశాయి.
బుధ, రాత్రి: 6 సె × 5. అలసట. ఆపాలి.
గురు: మలబద్ధకం. బిగింపులు లేవు, శ్వాస 10 నిమిషాలు.
శుక్ర: కూర్చుని 5 సె × 8. వదులు స్పష్టం.

6వ వారానికి కండరం లావెక్కదు. ఈ దశలో కనిపించే మెరుగు చాలావరకు నరాలకు దారి తెలియడం వల్ల వచ్చేదే. ఇక్కడ ఆపేస్తే అంతా పోతుంది, చాలామంది ఆపేది కూడా ఇక్కడే.

7–8 వారాలు: బాసింపట్టులో

హఠయోగ ప్రదీపిక 3వ అధ్యాయం మూలబంధానికి మడమతో సీవని (గుదానికీ జననాంగానికీ మధ్య చోటు) నొక్కి, గుదాన్ని ముడిచి, అపానాన్ని (కిందికి పోయే వాయువును) పైకి లాగమంటుంది. ఘేరండ సంహిత అశ్వినీ ముద్రకు గుదద్వారాన్ని మళ్లీ మళ్లీ ముడిచి, తెరవమంటుంది. ఆ తెరవడాన్ని తరగతుల్లో ఎవరూ లెక్కపెట్టరు. ఆధునిక బోధనలో అశ్విని వెనక, మూలబంధం మధ్య, వజ్రోలి ముందు అని 3గా విడదీస్తారు. వెనకకూ ముందుకూ తేడా సాధనతో బాగానే తెలుస్తుంది. అయితే ఈ ద్వారాల కండరాలకు వచ్చేది ప్రధానంగా ఒకే ప్యూడెండల్ నరం కనుక పూర్తిగా వేరవ్వవు. వేరు కాలేదని బాధపడక్కర్లేదు.

కూర్చునే తీరు: దుప్పటిని 4 నుంచి 6 అంగుళాల మందం వచ్చేలా మడిచి దాని అంచు మీద కూర్చోవాలి, మోకాళ్లు తుంటి కంటే కిందికి రావాలి. నడుము వెనక్కి కూలబడితే బిగింపు వెనక్కే పోతుంది, ముందు భాగం అందదు. మడమ నొక్కుడు 5 నిమిషాలకు మించకూడదు. ప్యూడెండల్ నరం కూర్చునే ఎముక లోపలి అంచు పక్కనుంచే పోతుంది. కింద తిమ్మిరి వస్తే వెంటనే లేవాలి, మర్నాడు మడమ బదులు తువ్వాలు చుట్ట పెట్టుకోవాలి.

9–12 వారాలు: ఆసనాల్లోకి, వంటింట్లోకి

మైసూరు అష్టాంగ పద్ధతిలో సాధన మొత్తం మూలబంధం ఉండాలంటారు. గంటన్నర పూర్తి బలంతో పట్టడం ఏ కండరానికీ సాధ్యం కాదు. పూర్తి బిగింపు 10 అనుకుంటే 2 దగ్గర ఉంచుకోవడమే దానికి చేయదగిన అర్థం. కష్టమైన కదలిక దగ్గర 5కి వెళ్లి, మళ్లీ 2కి రావాలి.

తాడాసనం, ఉత్కటాసనం, వీరభద్రాసనం: 2 నుంచి 3. ఉత్కటాసనంలోకి (కుర్చీలో కూర్చున్నట్టు) దిగేటప్పుడు ఊపిరి పీలుస్తూ కండరం వదులు, లేచేటప్పుడు ఊపిరి వదులుతూ బిగింపు. సేతుబంధంలో (వెల్లకిలా పడుకుని తుంటి ఎత్తే ఆసనం) పిరుదులు ఎలాగూ పనిచేస్తాయి కనుక కండరాన్ని విడిగా గుర్తుపట్టడానికి అది పనికిరాదు. కానీ తుంటి పైకి లేచి అవయవాల బరువు కింది పొర మీద నుంచి తొలగుతుంది, బలహీనంగా ఉన్నవాళ్లకు అక్కడ బిగించడం తేలిక. మలాసనంలో (గొంతుకు కూర్చునే ఆసనం) బిగింపు వద్దు, మడమల కింద దుప్పటి పెట్టి 5 శ్వాసల పాటు కండరాన్ని వదలడమే. కింద ఏదో జారుతున్నట్టు బరువుగా ఉండేవాళ్లు దాన్ని మానెయ్యాలి.

నావాసనంలో (కాళ్లూ వీపూ ఎత్తి పడవలా కూర్చునే ఆసనం) పొట్ట మధ్య గీత ఉబ్బెత్తుగా లేస్తే ఒత్తిడి కిందికి కూడా దిగుతున్నట్టే. మోకాళ్లు మడవాలి. కపాలభాతిని (ఊపిరిని విసురుగా వదిలే క్రియ) తువ్వాలు చుట్ట మీద కూర్చుని పరీక్షించాలి: ప్రతి విసురుకూ బరువు తేలికవ్వాలి. నొక్కుతుంటే నిమిషానికి 60 విసుర్లకు తగ్గించి, 20కి ఆపాలి. ఉడ్డియాన బంధం (పొట్టను లోపలికి, పైకి లాగడం) ఊపిరి పూర్తిగా బయట ఉన్నప్పుడే, పరగడుపునే. గర్భిణులు, అధిక రక్తపోటు, హెర్నియా ఉన్నవాళ్లు దాని జోలికి పోకూడదు. బాలింతలు ఈ చిట్టాలో శ్వాస భాగం తప్ప మిగతాదంతా డాక్టరు సరేనన్నాకే. కుట్లు ఉంటే మరీను. నడికట్టు ఎంత బిగించి కట్టినా ఈ కండరం పని అది చెయ్యదు.

అసలు పరీక్ష చాప మీద ఉండదు. దగ్గు, తుమ్ము రాబోతుండగా ఒక్క బిగింపు. 20 లీటర్ల నీళ్ల క్యానో, గ్యాస్ సిలిండరో ఎత్తేముందు ఊపిరి వదలడం మొదలుపెట్టి, బిగించి, అప్పుడు లేవడం. బిగింపు ఎత్తడం కంటే అర సెకను ముందుండాలి, ఎత్తాక బిగిస్తే ఆలస్యమే. మూత్రం ఆగనట్టు తొందర పెడితే పరిగెత్తకుండా నిలబడి 5 చిన్న బిగింపులు చేస్తే ఆ తొందర తగ్గుతుంది, అప్పుడు నడిచి వెళ్లాలి.

12వ వారం చివర నిలబడి కొలత: 10 సెకన్లు × 10 సార్లు, ప్రతిసారీ వదులు తెలుస్తూ, మధ్యలో పైకి లెక్కపెట్టగలుగుతూ. కుదిరితే ఇకపై వారానికి 3 రోజులు, రోజుకు ఒక విడత. 6 దగ్గరే జారిపోతే 4వ వారం పేజీ తెరిచి మళ్లీ పడుకుని మొదలుపెట్టాలి. 3 నెలలు సరిగ్గా చేసినా మూత్రం జారడం తగ్గకపోతే చిట్టా పట్టుకుని డాక్టరు దగ్గరకు. ఏ రోజు ఎన్ని సెకన్లో రాసి ఉంటుంది కనుక అక్కడ ఆ పుస్తకమే సగం జవాబులు చెబుతుంది.