రిపోర్టులో బస్సు ఛార్జీలు

నెలనెలా ఖాతాలోంచి కొంత డబ్బు దానంతటదే వెళ్లిపోయేలా పెట్టుకుని ఆ తర్వాత ఆ సంగతే మర్చిపోయేవాళ్లలో నేనూ ఒకదాన్ని. యుద్ధాల్లో చిక్కుకుని బతికి బయటపడ్డ ఆడవాళ్లతో పనిచేసే ఒక చిన్న సంస్థకి ఏడాదిగా అలా పంపుతున్నాను. పేరు చెప్పను, చెబితే ఇది చందాల పోస్టు అయిపోతుంది. ఏడాది చివర వాళ్ల వార్షిక రిపోర్టు మెయిల్లో వచ్చింది. మామూలుగా అలాంటివి తెరవను. ఆ రోజు ఎందుకో తెరిచి చివరిదాకా చదివాను, చదివి కాస్త చిరాకు పడ్డాను కూడా.

నేను వెతుక్కున్నది వేరు మరి. ఎంతమంది కోలుకున్నారు, ఎంతమంది మళ్లీ మామూలు మనుషులయ్యారు, అదీ నాక్కావాల్సిన లెక్క. వాళ్లు రాసింది గది అద్దె, శిక్షణకొచ్చే తల్లుల పిల్లల్ని ఆ రెండు గంటలూ చూసుకునే మనిషి జీతం, సబ్బులు, కౌన్సెలర్లకే మళ్లీ కౌన్సెలింగ్, ఇంకా బస్సు ఛార్జీలు. బస్సు ఛార్జీలైతే మరీ పెద్ద అంకె. దీనికా నేను డబ్బులు పంపింది అని ఒక్క క్షణం అనుకున్నాను, దాచడం ఎందుకు.

తర్వాత ఆ పేజీకి మళ్లీ వెళ్లి, వాళ్లు కింద చిన్న అక్షరాల్లో రాసిన వివరణ చదివాక బుర్రకెక్కింది. అలా బతికి బయటపడ్డ ఒకామె వారానికోసారి ఊరు దాటి కేంద్రానికి రావాలంటే ఇంట్లో ఎవరో ఒకరిని డబ్బులడగాలి. అడిగితే ఎక్కడికి అంటారు, ఎందుకంటారు. ఏళ్ల తరబడి మొగుడికీ పిల్లలకీ చెప్పని మాటని ఒక బస్సు టికెట్ కోసం చెప్పాల్సొస్తుంది, లేదంటే రావడం మానేయాలి. చాలామంది మానేస్తారు. ఆ డబ్బులు సంస్థే ముందుగా చేతిలో పెడితే ఇంట్లో ఆ ప్రశ్నే పుట్టదు. సైకాలజిస్టు ఎంత గొప్పదైనా ఆమె గది తలుపు దాకా మనిషి రావాలి కదా, ఆ రావడానికయ్యే ఖర్చు అది.

అప్పట్నుంచి ఈ విషయం మీద దొరికిందల్లా చదువుతున్నాను. చదివినవాటిలో చాలా దారులు 1993 బోస్నియాకే తీసుకెళ్లాయి. ఆ ఏడాది ఏప్రిల్లో, యుద్ధం ఇంకా నడుస్తుండగానే, మోనికా హౌజర్ అనే గైనకాలజిస్టు జెనిత్సా అనే ఊళ్లో అక్కడి డాక్టర్లూ సైకాలజిస్టులతో కలిసి మెడికా జెనిత్సా అనే కేంద్రం తెరిచింది. సైనికుల చేతుల్లో అత్యాచారాలకి గురైన ఆడవాళ్లకి వైద్యం, మాట్లాడుకోవడానికి మనిషి, ఉండటానికి చోటు, అన్నీ ఒకే కప్పు కింద. అదే ఏడాది, బాగ్దాద్‌లో పుట్టి అమెరికాలో ఉంటున్న జైనబ్ సల్బీ అనే ఇరవై మూడేళ్ల అమ్మాయి, కొత్తగా పెళ్లైన భర్త అమ్జద్ అతల్లాతో కలిసి ఇంకో సంస్థ మొదలుపెట్టింది. తర్వాత్తర్వాత విమెన్ ఫర్ విమెన్ ఇంటర్నేషనల్ అని పేరొచ్చింది దానికే. మొదట్లో ముప్పై మంది పైచిలుకు ఆడవాళ్లు, అంతే. దూరదేశంలో ఉన్న ఒకామె బోస్నియాలో ఉన్న ఒకామెకి నెలనెలా కొంత డబ్బూ దానితోపాటు ఒక ఉత్తరమూ పంపుతుంది. ఉత్తరం ఎందుకు, ఆ స్టాంపు ఖర్చు కూడా డబ్బే పంపొచ్చుగా అని నాకు మొదట అనిపించింది. ఊళ్లో ఎవరూ పలకరించని మనిషికి తన పేరు మీద ఒక కవరు వస్తే ఎలా ఉంటుందో నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఇప్పుడు విమెన్ ఫర్ విమెన్ వాళ్ల పద్ధతి ఏడాది కార్యక్రమం. సుమారు 25 మంది ఆడవాళ్లు ఒక గుంపు, 12 నెలలు. లెక్కలు, ఏదో ఒక చేతిపని, ఆరోగ్యం, ఆస్తి హక్కులు, ఓటు, ఇవన్నీ చెబుతారు. చిన్న నెలవారీ భత్యం ఇస్తారు. గుంపులోనే పొదుపు చేసుకుంటారు (పొదుపు సంఘాల సంగతి మనకి కొత్తగా చెప్పాలా). డబ్బు చేతికిస్తే వృథా చేస్తారు అనే వాదన ఒకటి ఎప్పుడూ ఉంటుంది. నాకు మాత్రం ఆ వాదన చేసేవాళ్ల మీదే అనుమానం. భత్యం ఉంటేనే కూలి పోకుండా వచ్చి కూర్చోగలదు. ఇంట్లో కూడా, అదేదో వెళ్లొస్తే నాలుగు డబ్బులొస్తున్నాయి అని ఊరుకుంటారు. మళ్లీ బస్సు ఛార్జీల కథే!

రువాండాలో కయోంజా అనే చోట 2013లో ఆ సంస్థే కట్టిన కేంద్రం గురించి చదివి చాలాసేపు దాని ఫొటోలే చూస్తూ కూర్చున్నాను. షారన్ డేవిస్ అనే ఆర్కిటెక్టు గీసిన గుండ్రటి గదులు, గోడల నిండా గాలాడే కన్నాలు. ఆ గోడల ఇటుకలు చేసింది అక్కడి ఆడవాళ్లే, నాలుగు లక్షలకి పైగా, చేత్తో. బయటి నుంచి ఇటుకలు తెప్పిస్తే పని తొందరగా అయిపోయేదేమో. కానీ ఇటుక చేయడం నేర్చుకుంటే, గదులు పూర్తయ్యాక కూడా ఆ పని చేతిలో ఉంటుంది.

కాంగోది ఇంకో రకం కథ. బుకావులో పాంజీ ఆసుపత్రిని డాక్టర్ డెనిస్ ముక్వేగే 1999లో మొదలుపెట్టింది ప్రసవాల్లో తల్లులు చనిపోకుండా చూద్దామని. మొదట వచ్చిన పేషెంటు ప్రసవానికి రాలేదు, అత్యాచారం చేసి కాల్చిన గాయాలతో వచ్చింది. ఆ తర్వాత అలాంటివాళ్లు వేలల్లో వచ్చారు. 2018లో ఆయనకీ, ఇరాక్‌లో యజీదీ అనే మైనారిటీ మతానికి చెందిన అమ్మాయి నాదియా మురాద్‌కీ కలిపి నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు కాబట్టి ఆ పేరు చాలామందికి తెలుసు. నాకు పట్టుకున్నది మాత్రం ఆపరేషన్ తర్వాతి భాగం. గాయం మానింది, డిశ్చార్జి అని కాగితం ఇస్తే ఆమె ఎక్కడికెళ్తుంది? ఊళ్లో ఆమె మీద దాడి చేసిన సాయుధ ముఠా ఇంకా ఉంది, ఇంట్లో మొగుడు రానివ్వడు. అందుకే ఆసుపత్రికి తోడుగా ఉండే చోటు, లాయరు, పని నేర్పేవాళ్లు, అన్నీ ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. వైద్యం ఒక్కటే చాలదని వాళ్లకి ఎవరో పుస్తకంలో చెప్పలేదు, వైద్యం అయినవాళ్లు మళ్లీ అవే గాయాలతో తిరిగొచ్చి చెప్పారు.

ఇది రాస్తుంటే మాటల దగ్గర చాలా చోట్ల ఆగిపోయాను. మన పేపర్లు ఏళ్ల తరబడి మానభంగం అని రాశాయి, ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తుంది. భంగమైంది ఆమె మానమట! చేసినవాడికేమీ కాలేదు. బాధితురాలు అంటే ఆ ఒక్క రోజు దగ్గరే ఆమెని కట్టేసినట్టుంది. బతికి బయటపడ్డ ఆడవాళ్లు అంటే పొడవైపోతోంది, అయినా అదే వాడుతున్నాను, వేరే దారి దొరక్క. మంచి పేరు పెట్టినా గండం తప్పదని బంగ్లాదేశ్ చూస్తే తెలుస్తుంది. 1971 యుద్ధంలో అత్యాచారాలకి గురైన ఆడవాళ్లని, యుద్ధం తర్వాత ఆ దేశ నాయకుడు ముజిబుర్ రెహమాన్ గౌరవంగా వీరాంగనలు అన్నాడు. కొన్నాళ్లకి ఊళ్లలో ఆ మాటే వేలెత్తి చూపించే మాట అయిపోయింది. వాళ్లలో కొందరిని స్వాతంత్ర్య యోధులుగా ప్రభుత్వం గుర్తించడం మొదలుపెట్టింది 2015లో. నలభై నాలుగేళ్లు!

ఈ ఏళ్ల లెక్కే నన్ను తినేస్తోంది. నా చందా ఒక ఏడాదికి, రిపోర్టు ఒక ఏడాదికి. వాళ్ల కాలం వేరే గడియారంతో నడుస్తుంది. బోస్నియాలో ఫోచా ఊరి కేసులో హేగ్‌లోని యుద్ధనేరాల కోర్టు అత్యాచారాన్ని మానవాళిపై నేరంగా లెక్కేసి ముగ్గురికి శిక్ష వేసింది 2001లో. బోస్నియా ఫెడరేషన్‌లో (ఆ దేశంలో ఒక భాగం అది) ఆ ఆడవాళ్లని యుద్ధంలో నష్టపోయిన పౌరులుగా చట్టం గుర్తించింది 2006లో. కొసావోలో యుద్ధం అయిపోయింది 1999లో, అక్కడి ఇలాంటి ఆడవాళ్లు నెలకి 230 యూరోల దాకా పింఛను అందుకోవడం మొదలైంది 2018లో. ఈ మధ్యలో కేసు కాగితాలు దాచిందెవరు, దరఖాస్తు నింపడానికి పక్కన కూర్చుందెవరు, ఈ ఏడాది కూడా ఏమీ తేలలేదమ్మా అని చెప్పి మళ్లీ వచ్చే వారం రమ్మన్నదెవరు? ఇలాంటి సంస్థలే. ఆ మధ్య ఏళ్ల రిపోర్టులు తీస్తే ఒక్కో ఏడాదీ చప్పగానే ఉంటుంది, చూపించడానికి ఫలితమంటూ పెద్దగా ఉండదు.

కొసావోలోనే 2015 జూన్‌లో అల్కెతా జఫా మ్రిపా అనే కళాకారిణి ప్రిష్టినా ఫుట్‌బాల్ స్టేడియంలో ఈ చివర నుంచి ఆ చివరకి దండేలు కట్టించింది. వాటి మీద వేల గౌన్లు, స్కర్టులు ఆరేశారు, ఆ ఆడవాళ్ల కోసం జనం ఇచ్చినవి. ఇచ్చినవాళ్లు ఒక్క ముక్క మాట్లాడక్కర్లేదు, ఉతికిన గుడ్డ ఇస్తే చాలు. నేను చదివిన రిపోర్టులో ఒక్క మొహం ఫొటో లేకపోవడం కూడా మొదట నాకు లోటుగానే అనిపించింది, దండేల మీద ఆ గౌన్ల ఫొటో చూశాక ఆ లోటు పోయింది. కన్నీళ్ల క్లోజప్ పెట్టి చందాలడిగే మెయిల్స్ వస్తే ఇప్పుడు అనుమానంగానే చూస్తున్నాను.

2025లో పెద్ద దేశాలు సాయం డబ్బుకి కోత పెట్టాక ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం, సంక్షోభాలున్న చోట్ల పనిచేసే మహిళా సంస్థల్ని అడిగితే దాదాపు సగం, పరిస్థితి ఇలాగే ఉంటే ఆరు నెలల్లో మూతపడతామని చెప్పాయి. మూతపడితే మొదట పోయేది సైకాలజిస్టు కాకపోవచ్చు, ఆ బస్సు ఛార్జీల లైనే పోతుందని నా భయం. దాతలకి చెప్పుకోవడానికి అది బాగోదు కదా.

నిన్న చందా కొనసాగిస్తారా అని మెయిల్ వచ్చింది. డబ్బు దేనికి వాడాలో మీరే ఎంచుకోవచ్చు అని కింద వరుసగా గళ్లు: కుట్టుమిషన్, కోళ్ల పెంపకం, పిల్లల చదువు, సాధారణ నిర్వహణ ఖర్చులు. పోయినేడాది కుట్టుమిషన్ నొక్కినట్టు గుర్తు. ఈసారి నిర్వహణ ఖర్చులు నొక్కాను.