బ్యాంకాక్‌లో తొలి మూడు రోజులు: రోడ్డు కంటే నీటిదారే మేలు

బ్యాంకాక్‌లో బస ఎక్కడన్నది ముందు తేల్చుకోవాలి. వీపున సంచి తగిలించుకుని తిరిగేవాళ్లలో ఎక్కువమంది ఖావ్‌సాన్ వీధికే వెళ్తారు. గదులు చవకే గానీ నడిచిపోయేంత దగ్గర్లో రైలు స్టేషన్ లేదు. సాయంత్రం ట్రాఫిక్‌లో చిక్కుకుంటే 5 కిలోమీటర్లకు గంట పట్టవచ్చు. అందుకే మేమిద్దరం సఫాన్ తాక్సిన్ స్టేషన్ దగ్గర గది తీసుకున్నాం. పైన బీటీఎస్, అంటే స్తంభాల మీద నడిచే నగర రైలు, కింద సాథోన్ పడవల రేవు. ఊరిని చూడ్డానికి ఇంతకంటే అనువైన చోటు మాకు కనిపించలేదు.

బయల్దేరే ముందు చేయాల్సిన పనులు రెండు. దిగడానికి ముందు 3 రోజుల లోపు డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి. ఇది 2025 మే నుంచి వచ్చింది, పూర్తిగా ఉచితం. డబ్బు అడిగే సైటు ఏదైనా ప్రభుత్వానిది కాదు. రెండోది, బ్యాంకు యాప్‌లో కార్డుకి విదేశీ వాడకాన్ని, ట్యాప్ చేసి చెల్లించే సదుపాయాన్ని ఆన్ చేసుకోవాలి. మన కార్డుల్లో ఇవి మామూలుగా ఆపేసి ఉంటాయి. ఛార్జర్ల సంగతికొస్తే, మన గుండ్రటి రెండు పిన్నులవి అక్కడి సాకెట్లలో చాలావరకు పడతాయి. మూడు పిన్నులవి పట్టవు.

సువర్ణభూమి విమానాశ్రయం పేరు వాళ్ల నోట ‘సువన్నపూమ్’. అన్నిటికంటే కింది అంతస్తుకి దిగితే రైలు దొరుకుతుంది. డబ్బు మార్పిడి కౌంటర్లు కూడా అక్కడే ఉన్నాయి, పైఅంతస్తుల్లో కంటే రేటు బాగుంటుంది. మడతల్లేని 100 డాలర్ల నోట్లు తీసుకెళ్లడం మంచిది. ఏటీఎంలో తీస్తే ప్రతిసారీ 220 బాత్‌లు (థాయ్ కరెన్సీ) లేదా అంతకంటే ఎక్కువ రుసుము పడుతుంది. రూపాయల్లోకి మార్చి చూపించమంటారా అని మిషన్ అడిగితే వద్దనాలి, లేకపోతే రేటులోనూ నష్టపోతాం.

ఆ రైలులో ఫయా థాయ్ దాకా 45 బాత్‌లు, అరగంట లోపే ప్రయాణం. అక్కడ బీటీఎస్‌కి వేరే టికెట్ కొనాలి. రెండో స్టేషన్ సియామ్. కంగారుగా మెట్లు దిగక్కర్లేదు, దిగిన ప్లాట్‌ఫారానికి అవతలి పక్కనే బాంగ్ వా వైపు రైలు ఆగుతుంది. అదే సఫాన్ తాక్సిన్‌కి వెళ్తుంది. భూగర్భ రైలు ఎంఆర్‌టీ మళ్లీ వేరే సంస్థది, బీటీఎస్ టికెట్ అక్కడ చెల్లదు. ఎంఆర్‌టీ గేటు దగ్గర వీసా లేదా మాస్టర్‌కార్డు తాకిస్తే చాలు గానీ, ఒక కార్డు మీద ఒక్కరే వెళ్లగలరు. దంపతులైతే ఇద్దరి దగ్గరా చెరో కార్డు ఉండాలి.

మొదటి రోజు పొద్దున్నే సాథోన్ రేవులో నారింజ జెండా పడవ ఎక్కాం. ఎంత దూరమైనా 16 బాత్‌లే. రేవులో ముందుగా కనిపించే నీలి జెండా పడవ పర్యాటకులది, దానికి అంతకు దాదాపు రెట్టింపు. తా చాంగ్ రేవులో దిగి తిన్నగా నడిస్తే గ్రాండ్ ప్యాలెస్. ఆ నడకలోనే నీటుగా బట్టలు వేసుకున్న మనిషెవరో ఎదురై, ఇవాళ ప్యాలెస్ మూసేశారు, 20 బాత్‌లకే టుక్‌టుక్‌లో వేరే గుళ్లు చూపిస్తామని అంటారు. ఆ తిరుగుడు చివరికి రత్నాల దుకాణంలోనో దర్జీ కొట్టులోనో తేలుతుంది, మనం కొన్నదాంట్లో బండివాడికి వాటా ఉంటుంది. ఎవరేం చెప్పినా టికెట్ కిటికీ దాకా వెళ్లి అక్కడే అడగాలి. ఉదయం 8:30కి తెరిచి మధ్యాహ్నం 3:30కి టికెట్లు ఆపేస్తారు. మేం వెళ్లినప్పుడు టికెట్ 500 బాత్‌లు. మోకాళ్లు, భుజాలు కప్పుకోవాలి. చేతుల్లేని జాకెట్టు మీద చున్నీ కప్పుకుంటే ఒప్పుకోరు, చేతులున్న బట్టే ఉండాలి.

అందరూ ప్యాలెస్ ఆవరణలోని గుడిలో ఉన్న పచ్చ బుద్ధుడి కోసం వెళ్తారు. 66 సెంటీమీటర్ల ఆ విగ్రహానికి ఎండ, వాన, చలి కాలాలకు ఏటా మూడుసార్లు రాజే వస్త్రం మారుస్తాడు. మనవాళ్లు మాత్రం గుడి చుట్టూ ఉన్న వసారాకి కనీసం గంట కేటాయించాలి. గోడ పొడవునా 178 పటాల్లో రామకియన్, అంటే థాయ్ రామాయణం ఉంది. ఉత్తరపు గోడన, నేల దున్నిస్తుండగా జనకుడికి సీత దొరికే ఘట్టంతో మొదలుపెట్టి ప్రదక్షిణగా నడవాలి. దశకంఠుణ్ణి ‘తోత్సకాన్’ అంటారు, సీత అతని కూతురే. తెల్లటి దేహంతో కనిపించే హనుమంతుడు బ్రహ్మచారి కాదు. రావణుడి కూతురు, వారధి రాళ్లను తీసేస్తున్న మత్స్యకన్య సువన్నమచ్ఛని వలచి తన వైపు తిప్పుకుంటాడు. మనకి కంఠస్థమైన కథ మరో దేశంలో మరో దారి పట్టి ఇంత నిండుగా బతకడం చూస్తుంటే కాళ్ల నొప్పి తెలియదు.

తర్వాత తా తియన్ రేవు దగ్గర వాట్ పో గుడి. పడుకున్న బుద్ధుడి పొడవు 46 మీటర్లు. అక్కడి నుంచి వాట్ అరుణ్ గుడికి నది దాటించే పడవ 5 బాత్‌లే. పగలు 11 నుంచి 3 దాకా ఎండ మాడ్చేస్తుంది, ఆ వేళకి నీడలో ఉండేలా చూసుకోవాలి.

రెండో రోజు సేన్ సేప్ కాలువ పడవ. బంగారు కొండ గుడి దగ్గరి ఫాన్‌ఫా రేవులో ఎక్కాం. పడవ కొన్ని క్షణాలే ఆగుతుంది. తాడు పట్టుకుని అంచు మీద కాలేసి వెంటనే లోపలికి దిగాలి, వీపు సంచి ముందుకు తిప్పుకోవాలి. టికెట్ ఇచ్చే మనిషి హెల్మెట్ పెట్టుకుని పడవ అంచు మీదే నడుస్తూ వస్తాడు, చిల్లర చేతిలో ఉంచుకోవాలి. నీళ్లు మురికివి. ఎదురు పడవ వచ్చినప్పుడు చివర కూర్చున్నవాళ్లు తాడు లాగి ప్లాస్టిక్ తెర పైకెత్తాలి, కాబట్టి మధ్యలో కూర్చోవడం మేలు. సియామ్ వైపు వెళ్లేవాళ్లు హువా చాంగ్‌లో దిగాలి. ఇంకా ముందుకు పోవాలంటే ప్రతూనామ్‌లో పడవ మారాలి.

రాత్రి భోజనానికి యావరాత్, అంటే చైనాటౌన్. వాట్ మంగ్‌కోన్ ఎంఆర్‌టీలో దిగాలి. సోమవారం చాలా బండ్లు ఉండవు. శాకాహారులు ఇక్కడ జాగ్రత్తపడాలి. కూరగాయల వంటకమైనా పులియబెట్టిన చేపల రసం ‘నామ్ ప్లా’ పడుతుంది, బొప్పాయి సలాడ్‌లో ఎండు రొయ్యలుంటాయి. పసుపు జెండా మీద ఎర్ర అక్షరం ఉన్న బండి వెతకాలి. అది ‘జే’ భోజనం, అందులో ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. మాంసాహారులు పాద్ కఫ్రావ్ అనే మాంసం వేపుడు తినాలి. అందులో గుప్పెడు వేసే ఆకు మన తులసే, అదే జాతి. కారం మన నాలుకకీ గట్టిగానే తగులుతుంది. తగ్గించాలంటే ‘పెత్ నిత్ నోయ్’ అనాలి.

మూడో రోజు ఎక్కువ తిరగలేదు. సాయంత్రం లుంఫినీ పార్కుకి వెళ్తే చెరువు గట్టున మనిషంత పొడవు ఉడుములు తిరుగుతుంటాయి. దగ్గరికి పోకపోతే ఏమీ చేయవు. సరిగ్గా 6 గంటలకు మైకులో జాతీయగీతం వస్తుంది. పరిగెత్తేవాళ్లు కూడా ఎక్కడివాళ్లక్కడ ఆగిపోతారు, మనమూ నిలబడాలి. చీకటి పడ్డాక నారింజ పడవల్ని నమ్ముకోకూడదు. పార్కు పక్కనే ఉన్న సాలా దేంగ్‌లో బీటీఎస్ ఎక్కి గదికి చేరాం.