నా బాల్ లోంచి నూనె బయటికొచ్చిన రోజు

పది పిన్నులు పడగొట్టే బౌలింగ్ ఆటలో నేను వాడే రియాక్టివ్ రెజిన్ బాల్ (లేన్ మీద పట్టు కోసం చేసే రకం) హుక్ అవడం, అంటే చివర్లో పక్కకి వంపు తిరగడం, తగ్గిపోయింది, అదీ ఒక్క రోజులో కాదు, కొంచెం కొంచెంగా, అందుకే తప్పంతా నా చేతిదే అనుకున్నా. వదిలేటప్పుడు బాల్ రంధ్రంలోంచి బొటనవేలు లేటుగా వస్తుందేమో, స్పీడ్ ఎక్కువైందేమో అని రెండు నెలలు అదే ప్రాక్టీస్. ఎంత చేసినా బాల్ చివరిదాకా నీరసంగా వెళ్ళి కుడి చివర మూలనుండే పదో పిన్నుని అలాగే నిలబెట్టి వచ్చేది. ఒకరోజు మాతో ఆడే అన్న దాన్ని చేతిలోకి తీసుకుని వేలితో రుద్ది చూసి "తమ్ముడూ, దీన్ని ఎప్పుడైనా కడిగావా?" అన్నాడు. లేదు. పాత టీషర్ట్ తో తుడవడం తప్ప ఏమీ చేయలేదు.

అప్పుడు చెప్పాడు, ఈ రకం బాల్ పైపొరకి కంటికి కనపడనంత సన్న రంధ్రాలుంటాయి, లేన్ (బాల్ దొర్లే చెక్క దారి) మీద వేసిన నూనెని అవి పీల్చేస్తాయి అని. లేన్ పొడవు 60 అడుగులైతే నూనె సుమారు 40 దాకానే ఉంటుంది, తర్వాత వచ్చే పొడి చోట పట్టు దొరికితేనే బాల్ తిరిగేది. రంధ్రాల నిండా నూనె ఉంటే ఇంక పట్టు ఎక్కడిది? స్పేర్స్ కి, అంటే మొదటి షాట్ లో మిగిలిన పిన్నులు కొట్టడానికి, వాడే ప్లాస్టిక్ బాల్ కి ఈ గొడవ లేదు, అది పీల్చదు.

వేళ్ళ రంధ్రాలకి వాటర్‌ప్రూఫ్ టేప్ వేసి, బకెట్లో వేడినీళ్ళు పోసి థర్మామీటర్ పెట్టి చూసుకున్నా, 55 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆపా, అంతకన్నా బాగా వేడిగా ఉంటే బాల్ పగిలే ప్రమాదం ఉంది. గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు వేసి బాల్ ముంచా. కాసేపటికి దాని ఒంటి మీద చెమట పట్టినట్టు సన్న సన్న బొట్లు, ముట్టుకుంటే జారుడు, నీళ్ళ మీద పల్చగా మెరిసే తెట్టు. నిజంగా బాధేసింది, ఇదంతా లోపల పెట్టుకుని ఎలా తిరుగుతుంది పాపం అని. 20 నిమిషాలకి తీసి తుడిచి, నీళ్ళు మార్చి మళ్ళీ, అలా మూడుసార్లు చేశాక గానీ తెట్టు ఆగలేదు. మధ్యలో టేప్ ఊడి బొటనవేలి రంధ్రంలోకి నీళ్ళు పోయాయి, తుడిచి రంధ్రాలు కిందికి పెట్టి రాత్రంతా వదిలేశా. తొందరగా ఆరుతుందని హెయిర్ డ్రయ్యర్ మాత్రం పెట్టకండి, ఒకేచోట వేడి తగిలితే పగుళ్ళొస్తాయి. చన్నీళ్ళు కూడా వెంటనే పోయొద్దు.

మర్నాడు 2000 గ్రిట్ ప్యాడ్ (సన్న గరుకుండే రుద్దుడు ప్యాడ్) తో అన్ని వైపులా సమానంగా రుద్దా, ఎందుకంటే బాల్ దొర్లే చోట పైపొర అరిగి నున్నగా అయిపోయి ఉంది.

ఇప్పుడు ప్రతి షాట్ కి ముందు మైక్రోఫైబర్ టవల్ తో నూనె గీతలు తుడుస్తా. ఆట అయిపోగానే, బాల్ ఇంకా వెచ్చగా ఉండగానే క్లీనర్ కొడతా, ఇంటికెళ్ళి చేద్దాంలే అనుకుంటే నూనె లోపలికి దిగిపోతుంది. యూఎస్‌బీసీ (అమెరికా బౌలింగ్ సంఘం) రూల్ ప్రకారం 2019 ఆగస్టు నుంచి పోటీ జరుగుతుండగా లిక్విడ్ క్లీనర్ వాడకూడదు, పొడి టవల్ మాత్రమే, అది గుర్తుంచుకోండి. కారు డిక్కీలో వదిలేయడం కూడా మానేశా, ఎండలో లోపల పొయ్యిలా ఉంటుంది.

కడిగాక మొదటి షాట్ పాత చోటే నిలబడి వేశా, బాల్ గిర్రున తిరిగి అన్నిటికన్నా ముందుండే హెడ్ పిన్ దాటి ఎడమకి పోయింది. అన్న నవ్వి "పక్కకి జరుగు" అన్నాడు. నాలుగు బోర్డులు (నేల మీది సన్న పలకలు) ఎడమకి జరిగి నిలబడ్డా.